చప్పుడు లేని కొట్లాట

"టీవీ ఇయ్యనంటే ఇయ్య!" అంటూ ఎల్లవ్వ రిమోట్‌ను బొడ్లో దోపుకుని, గోడకు వీపానించి నిలబడింది.

"అమ్మా, ఒక్క పూటే. నీ సీరియల్ రేపు జూడరాదు?"

"రేపేసేది రేపటిది. ఇయ్యాల్టిది ఎవరేస్తరు? గా చిన్న కోడలు పాలల్ల విషం గలిపి అత్త చేతుల వెట్టింది. ముసల్ది తాగిందో లేదో నాకు దెల్వద్దా?"

"తాగదమ్మా. అత్త సచ్చిపోతే సీరియల్ అయిపోతది."

"నీకన్నీ తెల్సు. పెద్ద సదువు సదివినవ్ గదా!"

హారతి చేతిలో నల్లటి వైరు వేలాడుతోంది. ల్యాప్‌టాప్ తెర లాక్‌డౌన్‌లోనే కన్నుమూసింది. కెమెరా, మైకు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఈ వైరుతో టీవీకి తగిలిస్తే బొమ్మ టీవీలో వస్తుందని రిపేరు షాపువాడు నిన్న సాయంత్రమే చెప్పాడు. ఆ టీవీకి ఇంట్లో మహారాణి ఎల్లవ్వ అన్న సంగతి పాపం వాడికి తెలియదు.

పరదా వెనక నుంచి సాంబయ్య లేచి వచ్చాడు. మరమగ్గాల కార్ఖానాలో రాత్రి పాళీ చేసి వచ్చి పడుకున్న మనిషి. సూరత్ పర్వత్ పాటియా గల్లీలో పగటిపూట నిద్రపోవడమే ఒక విద్య, అందులోనూ ఎల్లవ్వ మొగుడికి.

"ఏందే పొద్దుగాల్నే లొల్లి?"

"పొద్దు నెత్తి మీదికొచ్చింది. నీ బిడ్డ నా టీవీ గుంజుకుంటున్నది."

"ఎందుకు బిడ్డా?"

"మీటింగుంది బాపూ. మా కాలేజ్ సార్లతోని." హారతి వైరు చుట్టలు విప్పుతూ, తండ్రి మొహం చూడకుండా చెప్పింది.

మీటింగు కాదది. వైవా. అదీ రెండోసారి గండం.

సూరత్‌లో ఆ వీధి మొత్తానికీ హారతి ఎప్పుడో డాక్టరేటు పుచ్చుకున్నట్టే లెక్క. కరోనా రాకముందు, బంగారు అక్షరాల అట్ట వేయించి ఆమె థీసిస్ సమర్పించిన రోజున, ఎల్లవ్వ ఆ అట్టను నిమిరి చూసి, పని అయిపోయిందని తేల్చేసింది. వీధంతా జిలేబీలు పంచింది. తెలుగు సమాజం వాళ్లు పూలదండతో హారతి ఫొటో వేసి, 'మన ఆడబిడ్డకు అభినందనలు' అని ఈ చివర నుంచి ఆ చివరకు ఫ్లెక్సీ కట్టారు. ఇంకా అయిపోలేదు, పరీక్షకులు చదవాలి, అని హారతి మొత్తుకుంటే వినిపించుకున్న నాథుడు లేడు. అడ్డుపడితే దిష్టి తగులుతుందని ఎల్లవ్వ కూతురి నోట్లో కూడా ఒక జిలేబీ కుక్కింది.

తరవాత లాక్‌డౌన్. బట్ట నేసే సాంచాలు ఆగిపోయాయి. పని లేక సాంబయ్య గోడకు ఆనుకుని కూర్చున్న ఆ దినాల్లోనే యూనివర్సిటీ నుంచి కబురు వచ్చింది. ఢిల్లీ పరీక్షకురాలు మాథుర్ మేడం థీసిస్‌ను తిప్పి పంపారు. నాలుగో అధ్యాయానికి ఆధారం లేదు, మళ్లీ రాయమన్నారు.

తండ్రి అలా కూర్చుని ఉండగా ఆ మాట ఎలా చెబుతుంది? రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు ఏడాది దాటిపోయింది. మొదటి వానకు పైకప్పు రేకు కారితే, సాంబయ్య ఆ ఫ్లెక్సీనే దించి తెచ్చి రేకు మీద పరిచి రాళ్లు పెట్టాడు. అప్పటి నుంచి హారతి తన దండ ఫొటో కిందే పడుకుని, ఎవరికీ చెప్పకుండా నాలుగో అధ్యాయం కాగితాల మీద తిరగరాసి, టైపు చేయించి పంపింది.

ఈసారి కూడా మేడం కాదంటే ఇక అంతే సంగతులు. మూడో అవకాశం ఉండదని గైడు దేశాయ్ సర్ ఫోన్లో పొడిపొడిగా చెప్పేశారు.

"ఇచ్చెయ్యరాదే. సదువు పని అంటున్నది గదా," అన్నాడు సాంబయ్య.

ఎల్లవ్వ బొడ్లోంచి రిమోట్ తీసింది. "ఇస్త. కానీ నా టీవీల ఏం నడిస్తే గది నేను జూస్త."

"ఇంగ్లీషుల మాట్లాడుతరమ్మా."

"మాట్లాడనీ. నేను మొకాలు జూస్త."

ఒకటే గది. వంట ఒక మూల, మంచం ఒక మూల. బయట ఆషాఢం వాన. పక్కింటికి పొమ్మందామంటే, కరోనా భయంతో పక్కింటి వాళ్లు తలుపు సందులోంచే పలకరిస్తున్నారు. ఎక్కడికి పంపుతుంది?

"సరే. కానీ సప్పుడు చెయ్యొద్దు. దగ్గుడు గూడా వద్దు. మైకుల పడ్తది," అంది హారతి.

భార్యాభర్తలు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పెద్దగా నవ్వారు.

"సప్పుడా?" అన్నాడు సాంబయ్య. "సాంచాల నడుమ సప్పుడు లేకుంటనే గదనే మనం ఇన్నేండ్లు సంసారం జేసింది!"

అది అతిశయోక్తి కాదు. సాంచాలు నడిచేచోట చెవిలో అరిచినా మాట వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. పెదవులు కదుపుతారు, ఎదుటివాళ్లు చూసి అర్థం చేసుకుంటారు. దానికి తోడు చేతి సైగలు. సేఠ్ వస్తున్నాడంటే పొట్ట మీద అరచేయి గుండ్రంగా తిప్పడం. బట్టలో తప్పులు పట్టే చెకింగ్ మాస్టర్ వస్తున్నాడంటే కంటి కింద వేలు పెట్టడం. ఖటోదరా కార్ఖానాలో నూలు కండెలు చుట్టే ఎల్లవ్వను పెండ్లి చేసుకుంటానని సాంబయ్య అడిగింది కూడా గొంతు లేకుండానే. ఆమె తిట్టింది కూడా అలాగే. తెలుగు, హిందీ, గుజరాతీ ఏదైనా సరే, పెదవి కదిలితే చాలు, ఎల్లవ్వకు మాట దొరికిపోతుంది. కరోనా వచ్చి అందరి మూతులకూ గుడ్డలు కట్టాక కార్ఖానాలో సాంబయ్య లాంటి వాళ్లంతా చెవిటి వాళ్లయిపోయారు. ఆ ఇంట్లో పుట్టిన హారతికి కూడా మాటలకన్నా ముందు పెదవులే వచ్చాయి.

అన్నీ తెలిసిన హారతి ఒక్క సంగతి మరిచిపోయింది. ల్యాప్‌టాప్‌కు చెవులే కాదు, కళ్లు కూడా ఉంటాయని.

టీవీ చూడాలంటే అమ్మానాన్నలు ఆమె వెనక మంచం మీద కూర్చోవాలి. కూర్చున్నారు. ఎల్లవ్వ ఒళ్లో చాట, చాటలో ఒలవాల్సిన ఎల్లిగడ్డలు.

ఆట మొదలైంది. టీవీ తెర నాలుగు గళ్లుగా విడిపోయింది. ఒక గడిలో దేశాయ్ సర్, ఒక గడిలో మాథుర్ మేడం, ఒకదాంట్లో కెమెరా మూసుకున్న యూనివర్సిటీ అధికారి, నాలుగో గడిలో హారతి. ఆమె భుజాల మీదుగా, అమ్మవారికి అటూ ఇటూ నిలిపిన ద్వారపాలకుల్లా ఎల్లవ్వ, సాంబయ్య.

పక్కకు జరగమని వాళ్లకు సైగ చేయబోయింది హారతి. కానీ అప్పటికే మేడం "మొదలుపెట్టండి" అన్నారు. మొదలుపెట్టింది.

ఇంగ్లీషులో గలగలా చెప్పుకుపోయింది. ఐర్లాండ్ గురించి. ఇంగ్లండు పొరుగునే ఉన్న పాపానికి దాని కింద నలిగిన దేశం గురించి. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ నవలలు రాసిన ఆడవాళ్ల గురించి. వాళ్లలో చాలామంది జమీందారీ బంగళాల్లో పుట్టిన బిడ్డలు. కౌలు రైతుల గోడు రాశారు, కానీ లండన్ దొరసానులు చదివి ముచ్చటపడేలా రాశారు. ఎవరి కథ ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు అన్నదే తన పరిశోధన అంది.

వెనక ద్వారపాలకులు గొంతు లేని కబుర్లలో పడ్డారు. సాంబయ్యకు దూరం చూపు ఆనదు. అందుకని భార్యను అడగడం అలవాటు.

'గా లావుపాటాయన ఎవరే?' పెదవులతో అడిగాడు.

ఎల్లవ్వ పొట్ట మీద అరచేయి తిప్పింది. సేఠ్.

'మరి గామె?'

ఎల్లవ్వ కంటి కింద వేలు పెట్టింది. చెకింగ్ మాస్టర్.

మాథుర్ మేడం కళ్లజోడు సర్దుకుని తెరకేసి కొంచెం వంగారు.

"నాలుగో అధ్యాయానికి వద్దాం," అన్నారు ఇంగ్లీషులో. "బంగళాలో విందు జరుగుతుంటే టీ పట్టుకొచ్చి తలుపు దగ్గర నిలబడే పనిమనిషి. నవల మొత్తంలో ఆమె ఒక్క మాట మాట్లాడదు. మీరేమో ఆమె మాట్లాడుతోంది అంటారు. కప్పు పెట్టిన తీరులో మాట ఉందంటారు, ఇంకో పనిమనిషి వైపు చూసిన చూపులో మాట ఉందంటారు. యజమానులకు చదవడం రాలేదంటారు. మీకెలా వచ్చింది? పోయినసారి రిపోర్టులోనూ ఇదే అడిగాను."

 హారతి తిరగరాసిందంతా మనసులో పేర్చుకుని జవాబు మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే దేశాయ్ సర్‌కు ఫోన్ వచ్చింది. ఆయన మైకు మూసి ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుని, నిశ్చింతగా ఫోనెత్తారు. దేశాయ్ సర్‌కు మీసాల్లేవు. అదే కొంప ముంచింది.

'ఇప్పుడు కుదరదు,' అంటున్నాయి ఆయన పెదవులు గుజరాతీలో, టీవీ తెర మీద అరచేతంత పెద్దగా. 'ఆ తెలుగు పిల్ల వైవా నడుస్తోంది. పోయినసారి తిప్పికొట్టిన మేడమే మళ్లీ కూర్చుంది. ఈసారీ పోతే పిల్ల పని అయిపోయినట్టే. పాపం, ఇంట్లో కూడా చెప్పుకోలేదట.'

చెబుతున్న వాక్యం మధ్యలో హారతి తడబడింది. భయంభయంగా తన గడిలోకి చూసుకుంది.

ఎల్లిగడ్డ ఒలుస్తున్న ఎల్లవ్వ చేయి ఆగిపోయింది.

'పోయినసారి తిప్పికొట్టిన్రంట!' అంది ఎల్లవ్వ మొగుడి వైపు తిరిగి. గొంతు లేదు. మాట మాత్రం పిడుగు.

'ఎవర్ని?'

'నీ బిడ్డను! గిది మీటింగ్ గాదు. పరీక్ష. ఇదివరకు గూడా ఫెయిలైందంట.'

'పిచ్చి లేసిందా? గప్పుడే పాసాయె గదా. జిలేబీలు పంచితివి.'

'నేను జిలేబీ పంచితే పంచితి. నువ్వు ఫ్లెక్సీ గట్టియ్యలేదా?' చేతిలోని ఎల్లిగడ్డతో ఎల్లవ్వ పైకప్పు చూపించింది.

'సమాజపోళ్లు గట్టిన్రు. నేను ఉత్త ఫోటో ఇచ్చిన.' సాంబయ్య కూడా పైకప్పు చూపించాడు, రెండు చేతులతో.

'దండ ఎవరేసిన్రు మరి? ఫోటోకు దండ గూడా వాళ్లే ఏసిన్రా?'

'మంచిగుంటదని ఏయించిన!'

'బతికున్న పిల్లకు!'

టీవీలో దేశాయ్ సర్ ఫోన్ పెట్టేసి బుద్ధిగా ముందుకు తిరిగారు. హారతి ఐర్లాండ్‌లో ఉండాల్సిన మనిషి, మనసు సగం వెనక మంచం మీదే ఉంది. నోరు ఇంగ్లీషు మాట్లాడుతోంది, కళ్లు తన గడిలోని కొట్లాట చదువుతున్నాయి.

"...అంటే మేడం, ఆ ఇద్దరు పనిమనుషుల మధ్య నడిచే సంభాషణ యజమానుల ముందే జరుగుతుంది, కానీ..."

"ఒక్క నిమిషం," అన్నారు మేడం. "మీ ఇంటి పైన ఎవరైనా ఉన్నారా?"

"పైనా? లేరు మేడం. వాన."

"వెనకున్న ఆయన పదేపదే పైకి చూపిస్తున్నారు."

హారతి వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే నవ్వో ఏడుపో వచ్చేస్తుందని తెలుసు. "మా నాన్నగారు మేడం," అని ఊరుకుంది.

'నన్నేమో అంటున్నదే గామె?' అన్నాడు సాంబయ్య చేతులు దించుకుని.

'అంటది మరి. కోతి లెక్క ఆడితే!'

'నాకొక్కటి జెప్పు. దీనికి ఫెయిలైనట్టు ఇంట్లొకరికి జెప్పొద్దా? మనమేం పరాయోళ్లమా?'

 ఎల్లవ్వ చాట పక్కన పెట్టింది. కూతురి వీపు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు టీవీ గడిలో హారతికి కనపడింది. తిట్టినా బాగుండేదని అనిపించింది.

"మిస్ హారతీ," అన్నారు మాథుర్ మేడం. ఆమె కళ్లజోడు తీసేశారు. "నేను చాలాసేపటి నుంచీ మీ వెనక చూస్తున్నాను. మీ అమ్మగారూ నాన్నగారూ పోట్లాడుకుంటున్నారు కదూ? గొంతు రావడం లేదు. నా స్పీకర్ పోయిందేమో అనుకున్నాను, కానీ మీ గొంతు వస్తోంది. ఏమిటిది?"

 ఇక దాచి ఏం లాభం? చెప్పేసింది. సాంచాల మోత గురించి, పెదవులు చదవడం గురించి, తన ఇంట్లో కొట్లాటలు ఇలాగే జరుగుతాయని, క్షమించమని.

"అంటే వాళ్లేమంటున్నారో మీకు తెలుస్తోందా?"

"తెలుస్తోంది మేడం."

"ఇంతసేపూ నాకు జవాబులు చెబుతూనే?"

"అవును మేడం."

మేడం కుర్చీలో వెనక్కి వాలారు. "మాట్లాడని మనిషి మాట్లాడుతోందని మీ నాలుగో అధ్యాయం. ఆధారం లేదని నేను రాశాను. సరే. ఇప్పుడు చదవండి. మీ అమ్మగారు ఏమంటున్నారు?"

దేశాయ్ సర్ కంగారుగా హిందీలో ఏదో అన్నారు. మైకు మూసే ఉంది. 'ఇలాంటి ప్రశ్న నిబంధనల్లో లేదు మేడం' అన్నారని హారతికీ ఎల్లవ్వకూ తప్ప ఎవరికీ తెలియలేదు.

హారతి తెర మీద తన గడికేసి చూసింది. అబద్ధం చెప్పొచ్చు. వంట గురించి గొడవ పడుతున్నారని అంటే ఎవరు కాదంటారు? ఏడాదిగా చేస్తున్నది అదే కదా. కానీ మాట్లాడని వాళ్ల మాటను తనకు అనువుగా మార్చి చెప్పినందుకే కదా, ఆ బంగళా బిడ్డలను తన థీసిస్ నిండా నిలదీసింది!

మంచం మీద ఎల్లవ్వకు ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదు. కానీ టీవీలో మొహాలన్నీ తన వైపే చూస్తున్నాయని మాత్రం తెలిసింది. కొంగు భుజం మీద సర్దుకుంది. నేరుగా కెమెరాలోకి, కూతురికి కనపడేలా, ఒక్కో మాటా విడదీసి, గొంతు లేకుండా అంది.

'ఏడాది సంది ఒక్కదానివే మోసినవా బిడ్డా? నా జిలేబీలకు భయపడే జెప్పలేదా?'

హారతి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"మా అమ్మ అడుగుతోంది మేడం," అంది. ఇంగ్లీషు వణికింది. "పోయినసారి మీరు థీసిస్ తిప్పి పంపారని వాళ్లకు ఇప్పుడే తెలిసింది. నేను చెప్పలేదు. ఆవిడ వీధంతా మిఠాయిలు పంచింది. ఆ మిఠాయిలకు భయపడే చెప్పలేదా, ఇంతకాలం ఒక్కదానివే మోశావా అని అడుగుతోంది."

 పైన ఫ్లెక్సీ మీద వాన పడుతున్న చప్పుడు ఒక్కటే.

"ఇంకా?" అన్నారు మేడం మెల్లగా.

"మా నాన్న... ఫ్లెక్సీ కట్టింది తను కాదంటున్నాడు."

కెమెరా మూసుకున్న గడిలోంచి, అంతవరకూ ఉన్నాడో లేడో తెలియని యూనివర్సిటీ అధికారి, దగ్గో నవ్వో తెలియని చప్పుడొకటి చేశాడు.

మేడం మాత్రం నవ్వలేదు. "ఒక్క నిమిషం ఆగండి," అని మైకు మూసేశారు. ఫోన్ తీసుకున్నారు. వెంటనే దేశాయ్ సర్ గడిలో ఫోన్ మోగినట్టుంది, ఆయన ఎత్తారు. ఇద్దరూ హిందీలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, తలుపులు బిడాయించుకున్న గదిలో ఉన్నంత ధీమాగా. మేడం పెదవులకు ఎర్రటి రంగు. ఆమె మాట్లాడే ప్రతి మాటా టీవీలో కొట్టొచ్చినట్టు కనపడుతోంది.

హారతికి తప్ప. కళ్లనిండా నీళ్లు. తుడుచుకున్న కొద్దీ ఊరుతున్నాయి. టీవీ అంతా అలుక్కుపోయింది. ఎర్రటి మచ్చ ఒకటి కదులుతోంది, అంతే.

"ఏమంటున్నరే?" సాంబయ్య ఉండబట్టలేక పైకే అడిగేశాడు. "జర జెప్పవే, నాకు ఆనుతలేదు!"

ఎల్లవ్వ చేయెత్తి అతన్ని ఆపింది. సీరియల్‌లో అత్త పాల గిలాస ఎత్తినప్పుడు కూడా ఆమె అంత కన్నార్పకుండా చూసి ఉండదు. దేశాయ్ సర్ ఏదో అడిగారు. మేడం తల ఊపి, ఏదో పొడుగ్గా చెప్పి, ఫోన్ పెట్టేశారు.

హారతి వెనక్కి తిరిగింది. "అమ్మా, ఏమన్నరు?"

ఎల్లవ్వ కూతురి మొహంలోకి చూసింది. పెదవులు విడివడబోయాయి. అంతలో కొంగు లాగి నోటికి అడ్డంగా పెట్టుకుంది. ఆ ఇంట్లో మాట దాచుకోవడానికి ఉన్న దారి అదొక్కటే, ఇన్నేళ్లలో ఎల్లవ్వ ఏనాడూ ఆ పని చెయ్యలేదు. ఒకసారి తొందరపడి జిలేబీలు పంచింది చాలనుకుందేమో.

కొంగు వెనక ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో హారతికి తెలియలేదు.

టీవీలో మేడం మైకు తెరుచుకుంది.